కనబడిందే చెప్పమన్న మేడం

మా మేడం ఇక లేరన్న సంగతి నాకు ఆవిడ సెంటర్లో పనిచేసే ఆయమ్మ ఫోన్‌లో చెప్పింది. అప్పుడు నేను కరీంనగర్‌లో మా హాస్టల్ డాబా మీద బట్టలు ఆరేస్తున్నాను.

“ఏం జేస్తున్నవే బిడ్డా?” అని ఎప్పటిలాగే అడిగింది.

“బట్టలు ఆరేస్తున్న ఆయమ్మా.”

“ఆరెయ్యి. అయినంక చెప్త.”

ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టుకుని మిగిలినవి ఆరేశాను. ఆమె అటువైపు లైన్లోనే ఉంది. చివరి క్లిప్పు పెట్టాక “అయిందా?” అంది. అయిందన్నాను. “పొద్దుగాల మేడం లేవలేదే. నిద్రలనే గుండె ఆగిందట” అంది.

తీగ మీద నా తెల్లకోటు నుంచి నీళ్లు కారుతున్నాయి. కింద సిమెంటు మీద పడ్డ ప్రతి చుక్కా కాస్త పాకి, అంచుల దగ్గర పలచబడి, ఎండకు మాయమవుతోంది. వాటిని చూస్తూ చాలాసేపు అక్కడే నిలబడ్డాను. చూసినదాన్ని చూసినట్టు చెప్పడం ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. అందుకే ఆ ఉదయం గురించి ఇంతకుమించి ఏమీ కలిపి రాయడం లేదు.

మేడం అంటే మాకు పాఠం చెప్పిన డాక్టరు. కరీంనగర్‌లో ఒక స్కానింగ్ సెంటర్ నడిపేవారు. మా కాలేజీలో స్కాన్ టెక్నీషియన్ కోర్సు చదివేవాళ్లను పని నేర్చుకోవడానికి అక్కడికి పంపేవారు. నేను చెన్నూరు పిల్లను. బాపు బొగ్గు బాయిలో పనిచేస్తాడు. భూమి లోపల ఏముందో బాపు చూస్తాడు, మనిషి లోపల ఏముందో నేను చూస్తాను అని చేరిన రోజు గొప్పగా చెప్పుకున్నాను. మేడం కళ్లద్దాల పైనుంచి చూసి, “బాపు చూసి తవ్వుతడు. మనం చూసి చెప్తం. చెప్పుడు ఇంకా కష్టం” అన్నారు.

ఆ గది ఎప్పుడూ మసక చీకటిగా ఉండేది. ఏసీ చల్లదనం, తెర వెలుగు, మేడం చీర గంజి వాసన. బయట కరీంనగర్ ఎండ మండిపోతున్నా లోపల మాత్రం వాన రాబోయే ముందు సాయంత్రంలా ఉండేది. సీటీ స్కాన్ బొమ్మలు ఒకదాని మీద ఒకటి కదిలిపోతుంటే, మనిషి శరీరంలోకి మెల్లగా మునుగుతున్నట్టు అనిపించేది. నాకు మొదట్లో అంతా ఒకటే బూడిద రంగు. మేడం దానికి పేర్లు నేర్పారు. గాలి నల్లగా ఉంటుంది, ఎముక తెల్లగా ఉంటుంది. ఆ రెండింటి మధ్య కొవ్వుది పొయ్యిలో బూడిద రంగు, నీటిది తడిసిన బూడిద రంగు, కాలేయానిది మబ్బు పట్టిన మొగులు రంగు. పుస్తకాల్లో ఈ పేర్లు లేవు. నేను వాటిని నా నోటుబుక్కులో రాసుకున్నాను. అప్పుడప్పుడే నాకు మాటల మీద పిచ్చి మొదలైంది. కొత్త మాట వినపడితే చాలు, సాయంత్రం దాన్ని నోటుబుక్కులో ఎక్కించందే నిద్ర పట్టేది కాదు.

మేడం అలవాట్లు కొన్ని చెప్పాలి. పొట్ట మీద రాసే జెల్లీ సీసాను ఎప్పుడూ వేడి నీళ్ల గిన్నెలో నిలబెట్టి ఉంచేవారు. చల్లటిది తగిలితే ఆడవాళ్లు ఉలిక్కిపడి కడుపు బిగపడతారని. సీటీలో రక్తంలోకి మందు ఎక్కించే ముందు స్వయంగా వచ్చి చెప్పేవారు: “ఒళ్లంత వేడైతది. పాసుకు పోయినట్టే అనిపిస్తది. పోవు. భయపడకు.” సగం మంది భయం మరిచి నవ్వేవారు. రోగితో మాట్లాడేటప్పుడు కుర్చీని దగ్గరికి జరుపుకునేవారు. కుర్చీ లేకపోతే కింద కూర్చునేవారు.

ఆడవాళ్ల కడుపు స్కాన్లంటే ఆవిడకు ప్రత్యేకమైన శ్రద్ధ. అండాశయంలో గడ్డ చప్పుడు చేయకుండా పెరుగుతుందని చెప్పేవారు. అన్నం రెండు ముద్దలకే కడుపు నిండినట్టు ఉంటుంది, పొట్ట ఉబ్బుతుంది, ఆమె నెలల తరబడి గ్యాసు గోలీలు మింగుతుంది. చివరికి చీర కుచ్చిళ్లు నిలవకపోతే వస్తుంది. ముందు అల్ట్రాసౌండులో చూస్తారు: గడ్డలో నీరే ఉందా, గట్టి కండ కూడా ఉందా, దానికి రక్తం పారుతోందా. అనుమానం వస్తే సీటీ. సీటీలో అసలు ప్రశ్న గడ్డ ఎంత పెద్దది అన్నది కాదట, ఎంత దూరం పోయింది అన్నదట. “గడ్డను అందరు చూస్తరు. ఇల్లు మొత్తం తిరిగి సూసి రావాలె మనం” అనేవారు. పొట్టలో నీరు చేరిందా, పేగుల ముందు దుప్పటిలా వేలాడే కొవ్వు పొర మందమైందా, కాలేయం పైఅంచు మీద గింజల్లా ఏమైనా అంటుకున్నాయా, ఊపిరితిత్తుల చుట్టూ నీరుందా. అదంతా చూస్తేనే రోగం ఏ దశలో ఉందో తెలుస్తుంది. దశను బట్టే వైద్యం. “బొమ్మ అనుమానం చెప్తది. ముక్క తీసి పరీక్ష చేస్తేనే పేరు ఖాయమైతది” అని కూడా ప్రతిసారీ అనేవారు.

ఇక నా తప్పు గురించి రాయాలి. మేడం గురించి రాస్తూ దాన్ని దాటేస్తే ఆవిడ గురించి ఏమీ రాయనట్టే.

మా సెంటర్లో ఒక పద్ధతి ఉండేది. కంప్యూటర్లో ‘అంతా మామూలే’ అన్న రిపోర్టు ఒకటి సిద్ధంగా ఉండేది. పొట్టలో నీరు లేదు, గడ్డలు లేవు, వాపు లేదు, అన్నీ ‘లేవు’లే. రోగి పేరు మార్చి, మేడం చెప్పిన చోట మాత్రం వాక్యాలు మార్చి టైపు చేస్తే పని తొందరగా అయ్యేది. టైపింగు నా వంతు.

పత్తి తీసే కాలం అది. ఆదిలాబాద్ అవతల మహారాష్ట్ర సరిహద్దు దగ్గరి ఊరి నుంచి ఒకామె వచ్చింది. నలభై దాటి ఉండవు. సన్నటి చేతులు, ఎత్తుగా ఉబ్బిన పొట్ట. తోడుగా ఆమె ఆడబిడ్డ. ఆయమ్మ “ఎన్నో నెల?” అని అడిగితే ఆడబిడ్డ కస్సుమంది. “నెలలు గావమ్మా. రోగమే. జర కండ్లు వెట్టి సూడు.” లోపల పడుకున్నామె మాత్రం నవ్వింది. “అడగనియ్యి తాయి. ఊళ్లె అందరు గదే అడుగుతున్రు” అంది. ఆ వైపు వాళ్లు మరాఠీలో పిలిచినట్టు అక్కను తాయి అని, పెద్దింటి ఆడవాళ్లను బాయి అని అంటారు.

స్కాన్ అయ్యాక మేడం గడ్డ గురించి చెప్తుంటే రాసుకున్నాను. సగంలో పక్కగదిలోకి అర్జెంటుగా పిలుపొచ్చింది. తిరిగి వచ్చి, తలుపు దగ్గర నిలబడే మిగతాది చెప్పారు. దాన్ని వేరే కాగితం వెనకవైపు గీసుకున్నాను. అందులో ‘ఒమెంటల్ కేక్’ అన్న మాట వచ్చింది. పేగుల ముందరి కొవ్వు పొరంతా గడ్డలతో నిండి అచ్చులా గట్టిపడితే అలా అంటారట. కేక్ ఏంటి మేడం అని నేను ఆశ్చర్యపోతే, “డాక్టర్లకు ఎప్పుడు ఆకలే. గడ్డలకు నిమ్మకాయ, నారింజ, కేక్ అనే పేర్లు వెడతరు” అన్నారు. ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. బయట ఆడబిడ్డ తలుపు కొడుతోంది, “బస్సు పోతది, జల్ది ఇయ్యిండ్రి” అని. మొదటి కాగితంలోది టైపు చేశాను. రెండో కాగితం నా కోటు జేబులోనే ఉండిపోయింది. నమూనాలోని ‘లేవు’లన్నీ రిపోర్టులో అలాగే మిగిలాయి. మేడం మరో రోగి మీద నుంచి చెయ్యి తీయకుండానే, నేను పట్టుకున్న కాగితం మీద ఎడమచేత్తో సంతకం చేశారు. వాళ్లు బస్సుకు ఉరికారు.

సాయంత్రం సెంటర్ మూసేముందు నోటుబుక్కు తీశాను. కేక్ అన్న మాటను మేడం ఏ వాక్యంలో వాడారో అలాగే ఎక్కిద్దామని ఆ రిపోర్టు తెరిచి ఆ మాటను వెతికించాను. దొరకలేదని కంప్యూటర్ చెప్పింది. మళ్లీ వెతికించాను. మళ్లీ అదే. అప్పుడు జేబులోకి చెయ్యి పోయింది.

మేడం సంచి భుజాన వేసుకుని బయలుదేరుతున్నారు. కాగితం చూపించాను. ఆవిడ నిలబడే చదివారు, తరువాత కూర్చుని చదివారు.

“గడ్డ ఒక్క తాననే ఉన్నదని పోయింది ఆమె” అన్నారు నెమ్మదిగా. “గా కాగితం సూసి ఎవలన్న గడ్డ తీసి కుట్టేస్తరు. లోపట తెరిచినంక తెలుస్తది. గప్పటికి ఆమె పాణం మీదికొస్తది. గిట్ల ఉన్నోళ్లకు ముందుగాల మందులెక్కియ్యాలె. గడ్డలు కుంగినంక కొయ్యాలె. ఫోన్ జెయ్యి.”

రిజిస్టరులో ఉన్నది దుబాయ్ నంబరు. ఆమె పెనిమిటిది. మోగింది, ఎత్తలేదు, డ్యూటీలో ఉన్నాడేమో. మేడం వాయిస్ మెసేజ్ పెట్టారు. స్కాన్ రాసిచ్చిన ఆదిలాబాద్ డాక్టర్ దగ్గరికి ఫోన్ చేస్తే కాంపౌండర్ ఎత్తాడు. వాళ్లు తమ దగ్గరికి తిరిగి రాలేదని, రేపు మధ్యాహ్నం జీపులో మహారాష్ట్రలోని యవత్మాల్ పోతున్నారని, అక్కడ చుట్టాలు ఆపరేషన్‌కు మాట్లాడి పెట్టారని ఆడబిడ్డ భర్త వచ్చి చెప్పిపోయాడన్నాడు. ఆడబిడ్డ ఇల్లు ఆదిలాబాద్‌లోనే, ఆమె భర్త పనిచేసే పత్తి మిల్లు పక్కన. “నేను పోయి చెప్పాల్నా మేడం?” అన్నాడు.

“కాంపౌండర్ తోని చెప్పిపిచ్చే ముచ్చటనా గిది? నేనే వస్తున్న” అని పెట్టేసి, ఆయమ్మతో “రేపు స్కాన్లు బంద్” అన్నారు. నా వైపు చూసి, “నువ్వు గూడ రా” అన్నారు.

తెల్లవారి మొదటి బస్సెక్కాం. ఆ ప్రయాణం ఇప్పటికీ నాకు సగం కలలా ఉంటుంది. దారి పొడుగునా మంచు. జగిత్యాల దాటాక ఎండ రాలేదు, పొలాలు లేవు, బస్సు ఒక్కటే తెల్లటి దాంట్లో నిలబడి ఊగుతున్నట్టు ఉంది. నేను ముఖం తిప్పుకుని ఏడుస్తున్నాను. మేడం తిడితే బాగుండునని ఎదురుచూశాను. ఆవిడ డబ్బాలోంచి సర్వపిండి ముక్క తీసి నా చేతిలో పెట్టారు.

“ఏడ్సుడు అయినంక చెప్పు. బయట ఏం కనవడుతుంది?”

“మంచు, మేడం.”

“ఎనుక?”

“చెట్లు.”

“కనవడ్డయా, ఉంటయని అనుకున్నవా?”

నేను అద్దం తుడిచి చూశాను. “అనుకున్న.”

“ఆఁ. గట్ల చెప్పు. తప్పేం లేదు. అనుకున్నదాన్ని అనుకున్నట్టు చెప్పాలె, అగుపడ్డదాన్ని అగుపడ్డట్టు చెప్పాలె. కనవడకపోతే కనవడతలేదను. లేదనకు. గింజంత గడ్డ మన మిషన్‌కు అందదు.” డబ్బాకు మూత పెడుతూ అన్నారు. “నేను గూడ సదవకుంట సంతకం వెట్టిన. నాకెవలు సర్వపిండి వెట్టాలె?”

గోదావరి వంతెన మీద కింద నీళ్లు కనబడలేదు, చప్పుడు మాత్రం ఉంది. నిర్మల్ దాటి ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే టేకు చెట్లు ఒక్కొక్కటిగా మంచులోంచి బయటికి వచ్చాయి. నాకు స్కాన్ తెర గుర్తొచ్చింది, ఏమీ లేనిచోట మెల్లగా అంచు కట్టే ఆకారాలు. వస్తున్న ప్రతి చెట్టునూ కనబడ్డాకే లెక్కపెట్టాను.

ఆదిలాబాద్‌లో పత్తి ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. గాలిలో పింజలు తేలుతున్నాయి, మేడం జుట్టు మీద, కళ్లద్దాల మీద వాలాయి. మిల్లు దగ్గర అడిగితే ఇల్లు చూపించారు. గడపలో సర్దిన సంచులు. ఆమె చాప మీద గోడకు ఆనుకుని కూర్చుంది. జీపు ఇంకా రాలేదు.

మేడం ఆమె పక్కన కింద కూర్చున్నారు. “నిన్న ఇచ్చిన రిపోర్టుల తప్పు పడ్డదమ్మా. తప్పు నాది. సరైన కాగితం తెచ్చిన” అన్నారు.

“టైపు చేసింది నేను” అన్నాను. గుమ్మం బయటే ఆగిపోయాను.

ఆడబిడ్డ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “నిన్న గడ్డ ఒక్కటే అంటిరి. ఇయ్యాల పొట్టంత అంటున్రు. రేపేమంటరు బాయి? యవత్మాల్ల మంచం మాట్లాడి పెట్టినం. మా తమ్ముడు గా ఎండలల్ల కష్టపడుతుండు, గిక్కడ మీరు కాగితాలు మారుస్తున్రు. ఎవల్ని నమ్మాలె మేము?”

“నన్ను నమ్మకుండ్రి. గిది సూడుండ్రి” అని మేడం ఫిల్మ్ తీసి గుమ్మం వెలుగుకు ఎత్తి పట్టారు. ఆడబిడ్డ మొహం తిప్పుకుంది, కానీ కళ్లు మాత్రం అటే ఉన్నాయి. మేడం వేలితో చూపించారు. ఇది అండాశయం, ఇది గడ్డ. ఈ తడిసిన బూడిద రంగంతా నీరు. ఇక్కడ ఈ పొర పల్చగా ఉండాలి, ఎట్ల గట్టిపడ్డదో చూడు. కాలేయం అంచున ఇవి. ఒక్క ఇంగ్లీషు మాట లేదు. చాప మీద కూర్చున్నామె ముందుకు వంగి తన కడుపులోకి తానే చూసుకుంది, పక్కింటి కిటికీలోంచి చూసినంత కుతూహలంగా.

“గిదంత నాలనే ఉన్నదా?” అంది. తరువాత, “అయితె నేను బతుకుతనా డాక్టరమ్మా?” అంది.

బతుకుతావు అని మేడం అంటే ఎంత బాగుండును.

“గా ముచ్చట ఫోటోల లేదు తల్లీ. ఫోటోల ఉన్నదే చెప్పిన. కని తొవ్వ ఒకటున్నది. హైదరాబాద్‌ల పెద్ద కాన్సర్ దవాఖానకు పో. ముందు ముక్క తీసి సూస్తరు, మందులెక్కిస్తరు, గడ్డలు కుంగినంక ఆపరేషన్ చేస్తరు. గియ్యాల జీపెక్కితే గా తొవ్వ కష్టమైతది.”

అప్పుడే ఆడబిడ్డ ఫోన్ మోగింది. తమ్ముడు. మేడం మెసేజ్ అప్పుడే విన్నాడట. తెర మీద ఇసుక రంగు గోడ ముందు హెల్మెట్ పెట్టుకున్న మొహం. మేడం మొదటి నుంచి మళ్లీ చెప్పారు, తప్పుతో సహా. “అక్కా” అన్నాడు అంతా విని. “తప్పు కప్పిపెట్టుకునేటోళ్లు గింత దూరం రారు. జీపోనికి ఫోన్ జేసి వద్దని చెప్పు.”

ఆడబిడ్డ జీపతనికి ఫోన్ చేసి వద్దని చెప్పింది. లోపలికి వెళ్లి రెండు గ్లాసుల చాయ్ తెచ్చి, ఒకటి మేడంకు ఇచ్చి, రెండోది గుమ్మం బయట ఉన్న నా ముందు ఠక్కున పెట్టింది. “తాగు. మొహం సూడు ఎట్లున్నదో” అంది.

మర్నాడు మేడం ఆ నమూనా రిపోర్టును కంప్యూటర్‌లోంచి తీసేశారు. అప్పటి నుంచి ప్రతి రిపోర్టూ ఖాళీ పేజీ మీద మొదలయ్యేది. టైపు చేశాక నేను ఆయమ్మకు తెలుగులో చదివి వినిపించాలి. ఆయమ్మకు అర్థమైతేనే మేడం పెన్ను తీసేవారు. ఆయమ్మ కష్టపెట్టేది. “కాలేయం మంచిగున్నదంటవ్, ఎట్లున్నది మంచిగ? నున్నగనా, గరుకుగనా?” అనేది. జవాబు కోసం నేను మళ్లీ తెర దగ్గరికి పరుగెత్తేదాన్ని. నా నోటుబుక్కులో మంచి మాటలన్నీ ఆ పరుగుల్లో దొరికినవే.

నాలుగు నెలల తరువాత, మందులు ఎక్కించాక, ఆపరేషన్‌కు ముందు తీయించిన స్కాన్‌ను వాళ్లు మాకు చూపించడానికి తెచ్చారు. మేడం పాత బొమ్మ పక్కన కొత్తది పెట్టి నన్ను పిలిచారు. పొట్టలో నీరు లేనే లేదు, కేక్ కరిగి కొవ్వు రంగు తిరిగి వచ్చింది. “లేవు మేడం!” అని అరిచాను. ఆవిడ నా వైపు తిరగకుండా అలాగే తెరను చూస్తున్నారు. “కనవడతలేవు” అని దిద్దుకున్నాను. అప్పుడు నవ్వారు. ఆడబిడ్డ వెనక నుంచి, “మాకు ఏదైనా ఒకటే బాయి, గిప్పుడు కుచ్చిళ్లు నిలుస్తున్నయ్” అంది.

ఆపరేషన్ జరిగింది. తరువాత మళ్లీ మందులు. ఆ రోగం తిరిగి రావచ్చని, అందుకే మానకుండా పరీక్షలు చేయించుకుంటూ ఉండాలని మేడం ఆమెకు దాచకుండా చెప్పారు. ఆమె ప్రతిసారీ వచ్చేది. వచ్చినప్పుడల్లా జొన్నలో కందులో మూటగట్టి తెచ్చేది. మేడం మూట విప్పి, గింజలను గుప్పిట్లోకి తీసుకుని వాసన చూసేవారు.

ఆయమ్మ ఫోన్ చేసిన రోజు మధ్యాహ్నం మేడం ఇంటికి వెళ్లి వచ్చాను. సాయంత్రం ఎండ వాలుతుండగా జొన్నల మూట తెచ్చే ఆమెకు ఫోన్ చేశాను. ఎవరైనా చెప్పే ముందు నేనే చెప్పాలనిపించింది. పత్తి చేన్లో ఉంది. వెనకాల ఆడవాళ్ల మాటలు, ఎవరో ఎవరినో ఏదో అని ఆటపట్టిస్తున్నారు.

“ఏం బిడ్డా?” అంది ఉత్సాహంగా. చెప్పాను.

కాసేపటికి ఆమె ఫోన్‌ను ఒడిలోని పత్తిలో పెట్టుకున్నట్టుంది. మాటలు మెత్తబడి దూరంగా వినపడసాగాయి. ఎవరో “ఏమైందే?” అని అడిగారు. జవాబు వినపడలేదు. నవ్వులు ఆగిపోయాయి. తరువాత ఎండిన కాయ గుల్ల చిన్నగా చిట్లిన చప్పుడు, చీర కొమ్మలకు తగిలి లాగిన చప్పుడు, ఆమె ఊపిరి. ఒక అడుగు, మళ్లీ ఒక చెట్టు. ఫోన్ ఆమె కట్ చేయలేదు, నేనూ చేయలేదు. ఆ సాలు చివరిదాకా ఆమె పత్తి తీస్తూ పోతుంటే, చీకటి పడేవరకూ వింటూ కూర్చున్నాను.